పురావా బాలయ్య

మా బాలయ్యకు ఉన్నది ఒక్కటే జబ్బు. ఏదీ నమ్మడు. సూర్యుడు తూర్పున పొడిచాడని ఎవరైనా చెబితే ముందు బయటికి వచ్చి అటు చూస్తాడు. అనుమానం తీరక పడమర కూడా ఒకసారి చూసుకొని, "ఇయ్యాల్టి వరకైతే ఠీకే" అంటాడు. రుజువును మరాఠీలో పురావా అంటారు. షోలాపూర్ తెలుగువాళ్ళ నోట ఏ మాట ఏ భాషలోంచి దూకుతుందో దూకేదాకా వాళ్ళకే తెలియదు గాని, బాలయ్య నోట్లో మాత్రం ఆ ఒక్క ముక్కా ఎప్పుడూ తయారుగా ఉంటుంది. "పురావా ఏది?" దాజీ పేట్ మొత్తం అతణ్ణి పురావా బాలయ్య అని పిలుస్తుంది. అలా పిలుస్తారని నేను చెబితే, దానికీ పురావా అడిగాడు.

నాకు కాలు ఒకచోట నిలవదు. నూలు కంపెనీ తరఫున ఊళ్ళు తిరగడం మొదలుపెట్టి, కంపెనీ మూతపడ్డాక కూడా తిరగడం మానలేదు. రైళ్ళలో, బస్టాండుల్లో దొరికిన పుస్తకమల్లా చదివాను. పుస్తకం దొరక్కపోతే బజ్జీలు కట్టిచ్చిన కాగితం చదివాను. ఆ కాగితాల మీద కథ సగంలో తెగిపోవడం వల్ల ఐరోపా యుద్ధాల్లో కొన్ని ఎవరు గెలిచారో నాకు ఇప్పటికీ తెలియదు. అది వేరే సంగతి. అలా పోగైన వింతలన్నీ మూటగట్టుకొని ఏడాదికోసారి పాత స్నేహితుడు బాలయ్య ఇంట్లో దిగుతాను. వాటిలో ఒక్కటంటే ఒక్కటి అతనిచేత నమ్మించాలని నా పంతం.

"ఆస్ట్రేలియాల వాంబాట్ అని ఒక జంతువున్నది బాలయ్యా. అది పెంట పెడితే పాచికల లెక్క చదరంగ పడ్తది."

"ఎవడు కోసిండు?"

"ఎవడూ కొయ్యడు. పేగులల్లనే అట్ల తయారైతది."

"దారి గుండ్రంగ ఉండంగ మాల్ చదరంగ ఎట్ల వస్తది? నేను పుట్టినకాడి సంది మగ్గం మీద ఉన్న. నాకు చెప్తున్నవా?"

ఇంకో ఏడు చరిత్రలోకి దిగాను. ఐదువందల ఏళ్ళ కిందట ఐరోపాలో ఒక ఊళ్ళో ఒకావిడ వీధిలో నిలబడి చిందులు మొదలుపెట్టిందని, ఆమెను చూసి ఇంకొకరు, వాళ్ళను చూసి మరో పదిమంది, అలా వారాల తరబడి ఊరు ఊరే ఆడి ఆడి సొమ్మసిల్లిందని చెప్పాను.

"బ్యాండ్ ఎవలది?" అన్నాడు బాలయ్య.

"బ్యాండ్ లేదు."

"బ్యాండ్ లేకుంట మా దిక్కు పెండ్లి వరాతుల తాగినోడు గూడ ఆడడు. ఖోటా ముచ్చట, అబద్ధం."

తర్వాత ఇంకో పుస్తకంలో ఆ ఊరి పెద్దలు నిజంగానే వాయించేవాళ్ళను పెట్టించారని చదివి, పరుగున వచ్చి చెప్పాను. బాలయ్య నా వైపు జాలిగా చూశాడు. "పోయినేడు లేదన్నవ్. ఇయ్యాల ఉన్నదంటున్నవ్. సాక్ష్యం మార్చేటోని మాట కోర్టుల చెల్లదన్నా."

కాకి మనిషి ముఖం గుర్తుపెట్టుకుంటుందని, తనను ఏడిపించినవాణ్ణి ఏళ్ళ తరబడి మరవదని ఒకసారి అన్నాను. దీన్ని మాత్రం పరీక్షించి తీరాలన్నాడు. కాని కాకితో సొంతంగా తగాదా పెట్టుకోవడం అతనికి ఇష్టం లేదు. పక్కింటి రామచంద్రం టోపీ, కళ్ళజోడు అడిగి తెచ్చి పెట్టుకొని, మేడమీదికెక్కి ఒక కాకిని నానా తిట్లూ తిట్టి, తడి తువ్వాలు ఝాడించాడు. మర్నాటి నుంచి కాకులు రామచంద్రాన్ని పట్టుకున్నాయి. పాపం, గొడుగు లేకుండా పాలప్యాకెట్టుకు కూడా పోలేకపోయాడు.

"చూసినవా, గుర్తువట్టినయ్!" అన్నాను.

"ఏం గుర్తువట్టినయ్? తిట్టింది నేను. పొడుస్తున్నది రామచంద్రాన్ని. నీ కాకులకు మొకం తెల్వదు, టోపీ తెలుసు. నీ పుస్తకం ఖోటా."

ఈ వాదనకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. రామచంద్రం దగ్గర ఉంది గాని, అది అచ్చులో వేయదగింది కాదు.

వింతల సంగతి పోనివ్వండి, బాలయ్య మనుషులను కూడా నమ్మడు. అతని గడప దాటడం సరిహద్దు దాటడం లాంటిది. ఆ సందులో ప్రతి ఇంట్లోనూ లూములు, అంటే కరెంటు మగ్గాలు, ఆడుతుంటాయి. ఆ మోతలో మాట చెవిని చేరదు. అందుకని అక్కడివాళ్ళు నోరు బార్లా తెరిచి, పెదవులు సాగదీసి మాట్లాడతారు. అవతలివాళ్ళు పెదవులు చూసి అర్థం చేసుకుంటారు. బాలయ్య ఆ పెదవులతోనే వచ్చినవాణ్ణి నిలబెట్టి ఆరా తీస్తాడు. ముప్పై ఏళ్ళుగా గోడకు గోడ ఆనించుకొని ఉన్న రామచంద్రానికి కూడా మినహాయింపు లేదు.

"ఎవరూ?"

"నేను, రామచంద్రాన్ని."

"ఏ రామచంద్రం?"

"పక్కింటి రామచంద్రం, ఇంకే రామచంద్రం?"

"దేనికొచ్చినవ్?"

"నిన్న నట్లు తిప్పే పానా తీస్కపోయిన, ఇచ్చిపోదామని వచ్చిన. ఏందిరా నాయనా రోజూ నీతోని!"

"అచ్ఛా! పానా తీస్కపోయిన పక్కింటి రామచంద్రమా? రా, లోపలికి రా."

ఇంకా ఒళ్ళుమండే విషయం ఏమిటంటే, ఇంత ఆరా తీస్తూ బాలయ్య ఎదుటివాడి ముఖమైనా చూడడు. మెడ తిప్పి పక్కనున్న వంటింటి కిటికీ వైపు చూస్తూ అడుగుతాడు. నిన్ను నమ్మకపోవడమే కాదు, నీ ముఖం చూడటం కూడా దండగే అన్నట్టు ఉంటుంది. అతని భార్య యమునాబాయి దీనికి పూర్తిగా తలకిందులు. ఆ కిటికీ పక్కన కూర్చొని ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చుడుతూ, లోపలికి వచ్చిన ప్రతివాణ్ణీ "రాండ్రి, రాండ్రి" అని నవ్వు ముఖంతో పలకరిస్తుంది. "రామచంద్రమన్నా, పానా తేవడానికి గంత తొందరేమొచ్చింది?" అంటుంది. ఆయనకు లోకమంతా దొంగలు, ఆమెకు లోకమంతా చుట్టాలు అని పేటలో సామెత.

ఈ ఏడు నేను దిగేసరికి ఇంట్లో గాలి వేరుగా ఉంది. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు నిలేష్ నన్ను సందు చివరకు తీసుకుపోయి, అటూ ఇటూ చూశాడు.

"కాకా, నా పెండ్లి నీ చేతిల ఉన్నది."

పిల్ల పేరు ఆరతి. కుంఠా నాకా దగ్గర వాళ్ళకూ లూములున్నాయి. ఇద్దరూ ఇష్టపడ్డారు, పెద్దలూ మాట అనుకున్నారు. ఆరతి తల్లి యశోద, యమునాబాయి ఒకరోజు గుడిలో పక్కపక్కన కూర్చొని గంటసేపు మాట్లాడుకొని, వదినె అంటే వదినె అనుకున్నారు కూడా. అంతా బాగుందనగా పోయినవారం అశోక్ చౌక్‌లో యశోద ఎదురై నవ్వితే, యమునాబాయి ముఖంలోకి చూసి, పలకరించకుండా పక్కనుంచి వెళ్ళిపోయిందట.

"వాళ్ళమ్మకు అనుమానం పడ్డది కాకా. యమునవదినెకు మా సంబంధం ఇష్టం లేదేమో, లేకుంటే అంత పొగరేంది అంటున్నది. ఆదివారం వస్తున్నరు. యమునవదినె మనసేందో కండ్లార చూస్త, బాగనిపియ్యకుంటే అక్కడనే తెంపేస్త అన్నదట. గిట్లాంటి టైంల నాయన గడపకాడ పురావా షురూ చేసిండంటే నా పెండ్లి అయినట్టే. నువ్వే జర ఆయన నోరు మూయించాలె."

"మీ నాయన నోరు ఎవడు మూయించగలడురా?"

వాడు నా చేతులవైపు చూశాడు. "నీ చెయ్యి పెద్దదే గద కాకా" అన్నాడు.

నాకూ అనుమానం మొదలైంది. లోకాన్నంతా చుట్టంచేసుకునే యమునాబాయి, కాబోయే వియ్యపురాలి ముఖం చూసి పలకరించకపోవడమేమిటి? అడిగాను. ఆమె బీడీ ఆకు కత్తిరిస్తూ, "చూడలేదేమో అన్నా" అంది. 'చూడలేదు' అనలేదు. 'చూడలేదేమో' అంది. తను చూసిందో లేదో తనకే తెలియకపోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున బాలయ్యను మంచి చేసుకుందామని చాయ్ గ్లాసు పట్టుకొని లూము పక్కన చేరాను. వింతలు చెబుతూ, దారిలో ఆదివారం సంగతి దించుదామని నా ఎత్తు. సముద్రంలో మూడు గుండెల జంతువుందన్నాను. పురావా అన్నాడు. పందిని బోనెక్కించి విచారించిన కోర్టులుండేవన్నాను. పంది తరఫున వకీలెవరన్నాడు. ఏదో ఒకటి అనాలి గనక, ఈమధ్య చదివింది అందుకున్నాను.

"కొందరికి మనుషుల మొకాలు గుర్తుండవట బాలయ్యా. కండ్లు బాగుంటయి, తెలివి బాగుంటది. కన్నతల్లి ఎదురొచ్చినా నోరు తెరిచి మాట్లాడేదాక ఎవరో తెల్వదట."

పురావా కోసం చెవులు సిద్ధం చేసుకున్నాను. బాలయ్య చెయ్యి చాపి లూము ఆపేశాడు. పనివేళ ఆ లూము ఆగడం నేను ఎన్నడూ చూడలేదు.

"మందున్నదా దానికి?"

"ఏందీ?"

"మందు. నీ పుస్తకంల రాసిండ్రా?"

"లేదన్నరు."

"బర్" అని, అంటే సరేనని, మళ్ళీ లూము వేసుకున్నాడు. ఇన్నేళ్ళలో బాలయ్య నమ్మిన మొదటి వింత అది. నేను గెలిచాను. కాని దొంగ నాణెం చేతిలో పడ్డట్టు ఒకటే అనుమానం. ఇంత తేలిగ్గా ఎందుకు నమ్మాడు?

ఆదివారం వచ్చింది. నిలేష్ తమ లూములు ఆపేశాడు గాని, అటు రామచంద్రం ఇంట్లోవి, ఇటు ఇంకో ఇంట్లోవి ఆడుతూనే ఉన్నాయి. రెండు ఆటోలు వచ్చి ఆగాయి. ఆరతి, తల్లి యశోద, మేనత్త శాంత, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు దిగారు. ఆరుగురూ ఆకుపచ్చ చీరలే. ఆకుపచ్చ మీద ఆవపువ్వు రంగు అంచు. తమ ఇంటి మగ్గం మీద నేసిన ఒకే లాటులోంచి అందరూ ఒకే చీర కట్టుకొని వచ్చారు. నేతవాళ్ళు తమ గొప్ప చూపించుకోవడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. వీధివీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది.

బాలయ్య మాత్రం ఆ చీరలు చూసి, లూములో తెగిన పోగులా వాలిపోయాడు. మరుక్షణం గడపకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగుండ్రి! ఒక్కొక్కరే రావాలె. పేరు చెప్పి, వరస చెప్పి లోపలికి రావాలె."

శాంత నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇది పెండ్లి మాటలకు పిలిచిన ఇల్లా, పోలీసు చౌకీనా?"

"అట్లనే అనుకో. నువ్వెవరివి? మేనత్తవా? ముక్కుపుడక పెట్టుకున్న మేనత్త శాంతవా?" బాలయ్య యథాప్రకారం కిటికీ వైపు తిరిగి అడుగుతున్నాడు.

"మా ముక్కుపుడకల లెక్క కూడ తీస్తవా?"

యశోద ముందుకు వచ్చింది. నెమ్మదైన మనిషే, కాని గొంతులో ముల్లుంది. "ఉండు శాంతా. అన్నా, నా పేరు నేను చెప్ప. యమునవదినెనే వచ్చి చెప్పని. ఈ ఆరుగురిల నేనెవరో ఆమెనే గుర్తువట్టి పిలవని. గంటసేపు పక్కన కూసున్నదాన్ని మనసుల పెట్టుకున్నదా లేదా, నాకు గదొక్కటే కావాలె."

నిలేష్ ముఖం పాలిపోయింది. అప్పటికే కిటికీ దగ్గర్నుంచి ఎప్పుడో లేచిన యమునాబాయి మంచినీళ్ళ గ్లాసుల పళ్ళెంతో వాకిట్లోకి వచ్చేసింది. ఆరుగురు ఆడవాళ్ళు, ఆరు ఆకుపచ్చ చీరలు. బాలయ్య ఆడవాళ్ళ వెనక్కి పరుగెత్తి, బొంగరంలా తిరిగి నిలబడి నోరు తెరిచాడు. నిలేష్ నావైపు ఏడుపు ముఖంతో చూశాడు. సందు చివర వాడు వేడుకున్నది గుర్తొచ్చింది. ఒక్క అంగలో వెళ్ళి, నా అరచేతితో బాలయ్య నోరు గట్టిగా మూసేశాను. పెద్ద పని చేశానని గర్వం కూడా కలిగింది.

యమునాబాయి భర్త ముఖం వైపు చూసింది. అక్కడ ఆమెకు కనిపించింది నా చెయ్యి. ఒక్క క్షణం ఆగి, తిన్నగా వెళ్ళి ముక్కుపుడక శాంతను కౌగిలించుకొని, "యశోదవదినే, బాగున్నవా!" అంది.

శాంత ఆ చేతులు విడిపించుకొని రెండడుగులు వెనక్కి వేసింది.

"నడువుండ్రి," అంది యశోద. "చూసింది చాలు."

బాలయ్య నా చెయ్యి కొరికాడు. పై పళ్ళు లేవు గాని కింది పళ్ళు గట్టివే. "ఆగుండ్రి! తప్పు నాది! అట్ల పిలవమని నేనే చెప్పిన. పరీక్ష! మీకు కోపమెంత ఉన్నదో చూద్దామని పెట్టిన పరీక్ష! నేను పురావా బాలయ్యను, పేటల ఎవల్నన్న అడుగుండ్రి!"

అందరూ నమ్మేశారు. ఎందుకు నమ్మరు? జీవితమంతా కూడబెట్టుకున్న పేరు. శాంత అతణ్ణి తిట్టిన తిట్లకు వీధి గుమ్మాల్లోని జనం కూడా సిగ్గుపడ్డారు. బాలయ్య తలవంచుకొని, ఎంతో ఊరటగా, ఒక్కో తిట్టునూ దక్షిణలా అందుకుంటున్నాడు.

"ఇంత తిక్క మామ ఉన్న ఇంటికి మా పిల్లనియ్యం" అని శాంత తేల్చేసింది.

అప్పుడు యమునాబాయి పళ్ళెం కింద పెట్టింది. "ఈయన అబద్ధమాడుతున్నడు. నాకు మొకాలు గుర్తుండవు వదినే. చిన్నప్పటి సంది అంతే. చూసినప్పుడు కనవడ్తది, పక్కకు తిరిగితే పోతది. మాట విని, నడక చూసి, చీర చూసి గుర్తువడ్త. అశోక్ చౌక్‌ల మీరు నవ్విండ్రేగని మాట్లాడలె. ఇయ్యాల అందరు ఒక్కతీరు చీర కట్టిండ్రు. లూముల మోతల ఎవల గొంతేందో తెల్వలె."

"మొకాలు గుర్తుండకపోవుడేంది?" అంది శాంత. "గిసొంటిది ఎన్నడన్న విన్నమా? దీనికి పురావా ఏది?"

నేను పుస్తకం సంగతి ఎత్తబోయాను. నా వైపు ఎవరూ చూడలేదు, అదీ మంచిదే. యమునాబాయి నిలేష్‌తో, "రెండుదిక్కుల లూములు బంద్ చేయమని చెప్పుపో" అంది. ఒక్కొక్క లూమే ఆగింది. ఆమె కళ్ళు మూసుకుంది. "మాట్లాడుండ్రి, ఏదన్న."

"ఏం మాట్లాడాలె?" అంది యశోద ముభావంగా.

"గీ గొంతు!" యమునాబాయి కళ్ళు తెరవకుండానే నవ్వింది. "మెట్లు ఎక్కుతుంటే ఎడమ మోకాలు పట్టేస్తదన్నవ్. ఆరతి కడుపుల ఉన్నప్పుడు కాల్చిన మక్కకంకులు తప్ప ఏం తినలేదన్నవ్. మీ అమ్మ పోయినంక గోంగూర వండబుద్ధి కాలేదన్నవ్. నేను వండి పంపుతనంటే, వద్దు, వచ్చి నీ దగ్గరనే కూసోని తింట అన్నవ్. ఇయ్యాల వండిన. లోపల ఉన్నది. మొకమొక్కటి తెల్వదుగని వదినే, నువ్వు మొత్తం తెలుసు."

యశోద వెళ్ళి యమునాబాయి చెయ్యి పట్టుకొని, తన ముక్కు చీది, "ఇగ మీదట నీకు ఎదురొస్తే ముందు నేనే మొత్తుకుంట" అంది.

సరిగ్గా అప్పుడు రామచంద్రం భుజాన తువ్వాలుతో, దిగులు ముఖంతో లోపలికి వచ్చాడు. వెనక సందులో సగం జనం. ఆ సందులో పట్టపగలు లూములు వరసపెట్టి ఆగాయంటే ఎవరో పోయినట్టే లెక్క.

"ఎవరు పోయిండ్రు?" అన్నాడు గొంతు తగ్గించి.

బాలయ్యకు ప్రాణం లేచివచ్చింది. "పోయిండ్రని నీకెవరు చెప్పిండ్రు? పురావా ఏది?"

గోంగూర అందరికీ చాలలేదు. ముహూర్తం మాత్రం అక్కడే కుదిరింది.

చుట్టంగా వచ్చిన పావణేలు వెళ్ళిపోయాక అంతా తెలిసింది. పుట్టింట్లో యమునాబాయికి పొగరుబోతు అని పేరట. ఎదురొచ్చినవాళ్ళను పలకరించదని. పెళ్ళయిన కొత్తలో సిద్ధేశ్వరుడి జాత్రలో, తెల్లచొక్కా వేసుకున్నవాడు తన మొగుడే అనుకొని ఎవడి వెంటో మిఠాయి దుకాణం దాకా నడిచిపోయిందట. బాలయ్య వెతికి పట్టుకున్నాక ఏడుస్తూ చెప్పేసింది. ఆనాటి నుంచి అతను ముదురు పసుపు చొక్కా తప్ప వేయలేదు. నిన్ను పొగరుబోతు అనేకంటే నన్ను పిచ్చోడు అననీ అని, గడప దగ్గర వచ్చినవాడి పేరూ ఊరూ పెదవులతో కిటికీలోకి అందించడం మొదలుపెట్టాడు. బడి నుంచి రాగానే వాకిట్లోనే "అమ్మా, నేను నిలేష్‌ను" అని అరవాలని కొడుక్కి నేర్పాడు. తండ్రి తిక్కల్లో అదొకటనుకొని వాడు ఇప్పటికీ అరుస్తున్నాడు.

"అందుకా మొన్న నా వింత ఒక్క మాటకు నమ్మినవ్?" అన్నాను, కాటుపడ్డ చేతికి పసుపు రాసుకుంటూ.

"నీ మాట నమ్మలె. పురావా ఇంట్లనే ఉండె" అన్నాడు బాలయ్య.

యమునాబాయి మళ్ళీ చాట ఒళ్ళో పెట్టుకుంది. కాసేపు బీడీలు చుట్టి, "అన్నా, ఒకటి అడుగుత, ఉన్నదున్నట్టు చెప్పాలె" అంది. "అందరు ఆడోళ్ళు మొగడు ముసలోడైతుంటే చూస్కుంట ఉంటరు. నాకా రంది లేదు. పొద్దున లేచి చూస్తే రోజూ కొత్తోడే. నిన్నటి మొకం యాదికుంటే గద, ఇయ్యాల్టి మొకంతోని పోల్చేది! ఈయన శాన ముసలోడైండా?"

నేను బాలయ్యను చూశాను. నెత్తి మీది జుట్టు ఎప్పుడో వలసపోయి చెవుల్లో స్థిరపడింది. బుగ్గలు లోపలికి, కనుబొమలు బయటికి వచ్చాయి.

"ముసలోడా?" అన్నాను. "పెండ్లినాడు ఎట్లున్నడో గట్లనే ఉన్నడు చెల్లే. ఒక్క వెంట్రుక తేడా లేదు."

ఆమె తృప్తిగా తలూపి బీడీకి దారం చుట్టింది. నేను బాలయ్య వైపు తిరిగి, రాబోయే మాట కోసం కాచుకున్నాను. అతను బట్టతల ఒకసారి నిమురుకున్నాడు.

"అన్న శాన పుస్తకాలు చదివిండు," అన్నాడు భార్యతో. "తెల్వకుంట చెప్పడు."